పెద్దవారి తలుపు తట్టే ముందు

వృద్ధుల సేవకు ముందుకు వచ్చే వాలంటీర్ల కోసం ఒక పాఠం

"మా వీధి చివర ఒక మామ్మగారు ఒంటరిగా ఉంటున్నారు. ఏదైనా చేయాలని ఉంది గాని, ఏం చేయాలో తెలియడం లేదు" అని చాలామంది అంటూ ఉంటారు. మనసు ఉంది, దారి తెలియదు. కొందరు ఉత్సాహంగా మొదలుపెట్టి నాలుగు వారాలకే మానేస్తారు. మరికొందరు మంచి చేయబోయి తెలియకుండానే కీడు చేస్తారు. మన ఊళ్ళలో, పట్టణాలలో వృద్ధుల కోసం పనిచేసే చిన్న చిన్న సేవా సంస్థలు ఎన్నో ఉన్నాయి. వాటితో కలిసి వారానికి ఒక గంట సేవ చేయాలనుకునేవారు ముందుగా తెలుసుకోవలసిన సంగతులను ఈ పాఠంలో చూద్దాం.

ఈ పాఠం చదివాక మీరు:
1. ఒంటరిగా ఉండే వృద్ధులకు నిజంగా ఏమి అవసరమో గ్రహిస్తారు.
2. వారి ఇంటికి వెళ్ళినప్పుడు ఏమి గమనించాలో తెలుసుకుంటారు.
3. వాలంటీరు చేయకూడని పనులు ఏవో గుర్తిస్తారు.
4. ఆపద వేళ ఎవరికి కబురు చేయాలో చెప్పగలుగుతారు.

ముందుగా ఒక మాట. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ప్రభుత్వం గ్రామ, వార్డు వాలంటీర్లను నియమించింది. వారికి గౌరవ వేతనం ఉండేది. ఈ పాఠంలో వాలంటీరు అంటే వారు కాదు. ఏ ప్రతిఫలమూ ఆశించకుండా, తన తీరిక సమయంలో కొంత భాగాన్ని ఇంకొకరికి ఇచ్చే మనిషి అని అర్థం.

ఈ సేవ ఎందుకు అవసరం?

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో 60 ఏళ్ళు పైబడినవారు 10 కోట్లకు మించి ఉన్నారు. ఆ తరువాత ఈ సంఖ్య ఇంకా పెరిగింది. ఒకప్పుడు ఇంటినిండా మనుషులు ఉండేవారు. ఇప్పుడు పిల్లలు చదువుల కోసం, ఉద్యోగాల కోసం హైదరాబాదు, బెంగుళూరు, అమెరికా, గల్ఫ్ దేశాలకు వెళ్ళిపోతున్నారు. వారిని తప్పుపట్టవలసిన పనిలేదు. చాలామంది డబ్బు పంపుతారు, రోజూ ఫోను చేస్తారు. కాని ఫోనులో "బాగున్నావా అమ్మా?" అని అడిగితే తల్లి "బాగానే ఉన్నానురా" అనే అంటుంది. పాదానికి పుండు పడిన సంగతి, రెండు రోజులుగా అన్నం వండుకోని సంగతి ఫోనులో కనబడదు. ఎవరైనా ఇంటికి వెళ్ళి చూడాలి.

ఒంటరితనం మనసుకు మాత్రమే సంబంధించినది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో విడుదల చేసిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారు. గుండె జబ్బు, పక్షవాతం, షుగరు, దిగులు, మతిమరుపు వంటివి వచ్చే అవకాశాన్ని ఒంటరితనం పెంచుతుందని ఆ సంస్థ చెబుతోంది. ఎదురుగా కూర్చుని తినే మనిషి లేనప్పుడు వంట మీద శ్రద్ధ పోతుంది. పలకరించేవారు లేనప్పుడు మందు వేసుకోవాలన్న పట్టుదల కూడా తగ్గుతుంది. అందుకే మీరు వెళ్ళి కూర్చునే ఒక గంట కూడా ఆరోగ్య సేవలో భాగమే.

ఒక సంస్థతో కలిసి ఎందుకు?

"పక్కింటి పెద్దాయనను పలకరించడానికి సంస్థ ఎందుకండీ?" అని మీరు అడగవచ్చు. పలకరించడానికి అక్కరలేదు. క్రమం తప్పకుండా, బాధ్యతగా చేయాలంటే మాత్రం వెనుక ఒక సంస్థ ఉండడం మంచిది. దానికి కారణాలు ఇవి:

మొదటిది, మీకు జ్వరం వచ్చినా, ఊరు వెళ్ళినా మీ బదులు ఇంకొకరు వెళతారు. రెండవది, ఆ ఇంటి గురించి వివరాలు సంస్థ దగ్గర ఉంటాయి. పిల్లల ఫోను నంబరు, చూపించుకునే డాక్టరు, ఉన్న జబ్బులు, ఇవన్నీ రాసి ఉంటాయి. మూడవది, ఏదైనా అనుమానం వస్తే అడగడానికి ఒక పెద్ద దిక్కు ఉంటుంది. నాలుగవది, వృద్ధుల కుటుంబానికి కూడా ధైర్యం. ముక్కూ మొగం తెలియని మనిషి ఇంట్లోకి వస్తే ఎవరికైనా భయమే.

మంచి సంస్థ మీ గుర్తింపు కార్డు అడుగుతుంది. మీ గురించి తెలిసినవారిని విచారిస్తుంది. మొదటి కొన్నిసార్లు అనుభవం ఉన్నవారితో కలిపి పంపుతుంది. దీన్ని అవమానంగా తీసుకోకండి. ఆ జాగ్రత్త వృద్ధుల కోసం.

ఈ పద్ధతికి మంచి ఉదాహరణ మన దేశంలోనే ఉంది. కేరళలోని కోళిక్కోడ్‌లో 1993లో కొందరు వైద్యులు, స్నేహితులు కలిసి నయంకాని జబ్బులతో బాధపడేవారికి ఉపశమనం కలిగించే సేవను ప్రారంభించారు. తరువాత మలప్పురం తదితర జిల్లాలలో ఆయా ఊళ్ళవారే శిక్షణ పొంది, తమ ఇరుగుపొరుగులోని రోగుల ఇళ్ళకు వెళ్ళడం మొదలుపెట్టారు. కూలిపని చేసేవారు, విద్యార్థులు, గృహిణులు, రిటైరైన ఉపాధ్యాయులు ఇందులో ఉన్నారు. వైద్యం డాక్టరు, నర్సు చూస్తారు. కూర్చుని మాట్లాడడం, బియ్యం అందేలా చూడడం, పిల్లల చదువు ఆగకుండా చూడడం ఊరివారి వంతు. 2008లో కేరళ ప్రభుత్వం ఈ సేవపై ఒక విధానాన్నే ప్రకటించింది. జాతీయ స్థాయిలో హెల్పేజ్ ఇండియా సంస్థ 1978 నుండి వృద్ధుల కోసం పనిచేస్తోంది. అయితే పెద్ద పేరున్న సంస్థే కావాలని లేదు. మీ ఊరిలో నలుగురు కలిసి నిజాయితీగా నడిపే సంస్థ అయినా చాలు.

మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోండి

సంస్థకు మాట ఇచ్చే ముందు ఈ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పుకోండి.

1. వారానికి ఒక రోజు, ఒకే సమయానికి, కనీసం ఆరు నెలలపాటు నేను వెళ్ళగలనా?
2. చెప్పిందే పదిసార్లు చెబుతున్నా విసుక్కోకుండా వినగలనా?
3. అక్కడ విన్నది నా ఇంట్లో కూడా చెప్పకుండా ఉండగలనా?

మొదటి ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యమైనది. మీకు వారం ఇట్టే గడిచిపోతుంది. ఒంటరిగా ఉన్న తాతగారికి అలా కాదు. మీరు గురువారం నాలుగు గంటలకు వస్తామంటే ఆయన మూడింటికే ముఖం కడుక్కుని, ఉతికిన చొక్కా తొడుక్కుని, వీధి అరుగు మీద కూర్చుంటారు. మీరు రాకపోతే చీకటి పడేదాకా చూస్తారు. అందుకని వారానికి మూడుసార్లు వస్తానని చెప్పి మానేయడం కన్నా, పదిహేను రోజులకు ఒకసారి అని చెప్పి తప్పకుండా వెళ్ళడం మేలు. రాలేని రోజున ముందుగానే ఫోను చేసి చెప్పండి.

మొదటిసారి వెళ్ళినప్పుడు

సంస్థ కార్యకర్తతో కలిసి వెళ్ళండి. తలుపు తట్టి, వారు రమ్మనే వరకు ఆగండి. చెప్పులు బయట విడవండి. చేతులు సబ్బుతో కడుక్కోండి. మీకు జలుబు, దగ్గు ఉంటే ఆ వారం వెళ్ళకండి. మీకు రెండు రోజుల్లో తగ్గే జలుబు వారికి న్యుమోనియాగా మారవచ్చు.

పిలుపులో మర్యాద ఉండాలి. "మామ్మగారూ", "తాతగారూ", "పెద్దమ్మగారూ", "మాస్టారూ", వారికి ఏది ఇష్టమో అడిగి అలాగే పిలవండి. ముసలమ్మ, ముసలాయన అనే మాటలు వారి ముందే కాదు, వెనుక కూడా వద్దు. చిన్నపిల్లలతో మాట్లాడినట్లు ముద్దు ముద్దుగా మాట్లాడకండి. ఆమె పదిమందికి వండిపెట్టి సంసారం ఈదిన మనిషి. ఆయన నలభై ఏళ్ళు సేద్యం చేసిన మనిషి. వయసుతో ఒంట్లో బలం తగ్గింది గాని గౌరవం తగ్గలేదు.

వినికిడి తక్కువైనవారితో మాట్లాడేటప్పుడు గట్టిగా అరవకండి. ఎదురుగా, వెలుతురులో కూర్చుని, మీ ముఖం కనబడేలా, నెమ్మదిగా, చిన్న చిన్న మాటలతో చెప్పండి. టీవీ గాని ఫ్యాను గాని మోత చేస్తుంటే అడిగి తగ్గించండి.

మతిమరుపు జబ్బు ఉన్నవారు ఎప్పుడో చనిపోయిన భర్త ఇంకా పొలం నుండి రాలేదని ఎదురుచూడవచ్చు. "ఆయన పోయి పదేళ్ళయింది కదా" అని సరిదిద్దితే ఆమెకు ఆ చావు కబురు అప్పుడే కొత్తగా విన్నట్లు ఉంటుంది. "ఆయన ఏ పంట వేసేవారండీ?" అని అడగండి. మాట తనంతట తానే దారి మళ్ళుతుంది.

కళ్ళు తెరచి చూడవలసినవి

మీరు డాక్టరు కాదు, నర్సు కాదు. కాని నెలకు ఒకసారి ఆసుపత్రికి వచ్చే రోగిని డాక్టరు పది నిమిషాలే చూస్తారు. మీరు ప్రతి వారం ఇంట్లోనే చూస్తారు. డాక్టరుకు కనబడనివి మీకు కనబడతాయి.

తిండి: పొయ్యి వెలిగిందా? రోజూ బిస్కట్లు, టీతోనే సరిపెట్టుకుంటున్నారా? జాకెట్టు వదులైందా, గాజులు మోచేతి దాకా జారుతున్నాయా? బరువు తగ్గడానికి ఇవి గుర్తులు. కట్టుడు పళ్ళు సరిపోక తినలేకపోతున్నారేమో అడగండి.

నీరు: వయసు పైబడినకొద్దీ దాహం తెలియడం తగ్గుతుంది. పైగా చాలామంది ఆడవారు రాత్రిపూట బాత్‌రూముకు లేవవలసి వస్తుందని కావాలనే నీళ్ళు తాగరు. ఇది అడిగితే గాని చెప్పరు. దారిలో చిన్న లైటు, పట్టుకోవడానికి గోడకు కడ్డీ, మంచం దగ్గర కమోడు కుర్చీ ఉంటే ఆ భయం పోతుంది. ఎండాకాలంలో, ముఖ్యంగా రేకుల ఇళ్ళలో ఉండేవారికి నీళ్ళు, మజ్జిగ తరచుగా ఇవ్వాలి. గుండె, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం ఎంత తాగవచ్చో డాక్టరును అడిగి తెలుసుకోవాలి.

పడిపోవడం: వృద్ధులను మంచాన పడవేసే వాటిలో ఇది ముఖ్యమైనది. జారే బాత్‌రూము, మడతపడిన పట్టా, గుమ్మం దగ్గర చీకటి, అరిగిన చెప్పులు, ఇవన్నీ చూడండి. మంచం మీద నుండి ఒక్కసారిగా లేస్తే కళ్ళు తిరుగుతున్నాయా అని అడగండి. బి.పి. మందుల వల్ల కూడా అలా జరగవచ్చు. కాసేపు మంచం అంచున కూర్చుని తరువాత లేవమని చెప్పండి. ఈ సంగతి డాక్టరుకు తెలియాలి. మందు మాత్రం సొంతంగా మానకూడదు.

మందులు: వారి అనుమతితో మందుల డబ్బా చూడండి. ఇద్దరు డాక్టర్లు ఒకే మందును రెండు కంపెనీల పేర్లతో రాసి ఉండవచ్చు. తెలియక రెండూ వేసుకుంటే అది రెట్టింపు మోతాదు. గడువు దాటిన మందులు, తగ్గకుండా అలాగే ఉన్న మాత్రల అట్టలు కూడా గమనించండి. మోకాళ్ళ నొప్పులకు డాక్టరును అడగకుండా నెలల తరబడి నొప్పి మాత్రలు మింగేవారు చాలామంది ఉన్నారు. వాటివల్ల కడుపులో పుండ్లు, మూత్రపిండాలకు హాని కలగవచ్చు. చూసింది రాసుకుని సంస్థవారికి, వారి ద్వారా డాక్టరుకు తెలపండి.

పాదాలు, చర్మం: షుగరు ఉన్నవారి పాదాలకు స్పర్శ తగ్గుతుంది. ముల్లు గుచ్చుకున్నా తెలియదు. వేళ్ళ సందులలో, అరికాలిలో చిన్న పుండు కనబడినా అదే వారం ఆసుపత్రికి చూపించాలి. షుగరు ఉన్నవారి కాలిగోళ్ళు మీరు తీయకండి. మంచాన ఉన్నవారికి నడుము కింద, పిరుదులపై, మడమలపై ఎర్రగా కందిపోయి, వేలితో నొక్కినా ఆ ఎరుపు పోకుండా ఉంటే అది పడక పుండుకు మొదటి గుర్తు. అటువంటి వారిని సుమారు రెండు గంటలకు ఒకసారి పక్కకు తిప్పుతూ ఉండాలని ఇంట్లోవారికి చెప్పించండి.

చూపు, మనసు: ముఖం గుర్తుపట్టలేకపోతే "వయసు కదా" అని వదిలేయకండి. అది శుక్లం అయితే ఆపరేషనుతో చూపు తిరిగి వస్తుంది. ఇష్టమైన పనుల మీద ఆసక్తి పోవడం, నిద్ర పట్టకపోవడం, "ఇంకా ఎందుకు బతికున్నానో" అని తరచు అనడం దిగులు జబ్బుకు గుర్తులు. దానికి చికిత్స ఉంది. చనిపోవాలని ఉందని ఎవరైనా అంటే తేలికగా తీసుకోకండి, వారిని ఒంటరిగా వదలి రాకండి. వెంటనే సంస్థకు, కుటుంబానికి చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు.

వెంటనే 108కి ఫోను చేయవలసిన సందర్భాలు

1. ముఖం ఒక పక్కకు వంకర పోవడం, ఒక చెయ్యి గాని కాలు గాని బలం తప్పడం, మాట తడబడడం. ఇవి పక్షవాతానికి గుర్తులు. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షను పనిచేయాలంటే సాధారణంగా నాలుగున్నర గంటలలోపు ఇవ్వాలి. పసరు మందు కోసం తిరిగి ఆ సమయం పోగొట్టకండి. నోట్లో నీళ్ళు గాని మందు గాని పోయకండి.
2. ఛాతీనొప్పి, లేదా అకస్మాత్తుగా ఆయాసం, చెమటలు. వృద్ధులలో, షుగరు ఉన్నవారిలో నొప్పి లేకుండానే గుండెపోటు రావచ్చు.
3. నిన్నటిదాకా బాగున్న మనిషి ఈరోజు హఠాత్తుగా అయోమయంగా మాట్లాడడం, పగలంతా మత్తుగా ఉండడం. వయసు మీరినవారిలో జ్వరం లేకుండానే ఇన్ఫెక్షను ఇలా బయటపడవచ్చు.
4. పడిపోయి లేవలేకపోవడం, ఒక కాలు పొట్టిగా, పక్కకు తిరిగి కనబడడం. తుంటి ఎముక విరిగి ఉండవచ్చు. లాగి లేపకండి, నడిపించకండి.
5. షుగరుకు మందు వాడేవారికి చెమటలు, వణుకు, తికమక. స్పృహలో ఉండి మింగగలిగితే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించండి. పది, పదిహేను నిమిషాలలో తేరుకోకపోతే 108కి ఫోను చేయండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పెట్టకుండా వెంటనే ఫోను చేయండి.

చేయకూడనివి

మందులు మార్చకూడదు: "మా నాన్నగారికి ఇది బాగా పనిచేసింది" అని మీ ఇంటి మాత్ర ఇవ్వకండి. ఉన్న మందు ఆపమని చెప్పకండి.

డబ్బు దగ్గర జాగ్రత్త: అప్పు ఇవ్వవద్దు, తీసుకోవద్దు. ఏ.టి.ఎం. కార్డు, పిన్ నంబరు, ఫోనుకు వచ్చే ఓ.టి.పి. మీరు తెలుసుకోకూడదు. సరుకులు తెమ్మని డబ్బు ఇస్తే, ఎంత ఇచ్చారో, ఎంత ఖర్చయిందో వారి ముందే ఒక నోటు పుస్తకంలో రాసి, బిల్లు, చిల్లర అక్కడే ఇవ్వండి. బ్యాంకు కాగితాల మీద, వీలునామా మీద సాక్షి సంతకం చేయకండి. ఇది మీ నిజాయితీ మీద అనుమానంతో చెప్పేది కాదు. రేపు ఇంట్లో ఏదైనా కనబడకపోతే నింద మీ మీదికి రాకుండా ఇదే కాపాడుతుంది.

పడుకోబెట్టి తినిపించకూడదు: పక్షవాతం వచ్చినవారికి మింగడం కష్టమై, అన్నం ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. నిటారుగా కూర్చోబెట్టి, కొంచెం కొంచెంగా తినిపించే పద్ధతిని నర్సు దగ్గర నేర్చుకున్నాకే ఆ పని చేయండి.

నిలబెట్టుకోలేని మాట ఇవ్వకూడదు: "మీ అబ్బాయిని రప్పిస్తాను", "నేనున్నాను, మీకేం ఫరవాలేదు" వంటి మాటలు వినడానికి బాగుంటాయి. జరగనప్పుడు దెబ్బ తినేది వారే.

మతం, కులం, రాజకీయం తేకూడదు: వారి ఇల్లు, వారి నమ్మకం. మీరు సేవ కోసమే వెళ్ళారు.

రహస్యం దాచాలి: ఊళ్ళో ఒక ఇంటి మాట సాయంత్రానికి నాలుగు వీధులు తిరుగుతుంది. కోడలి గురించి మామ్మగారు చెప్పిన మాట మీ నోటి నుండి బయటకు వెళితే, ఆ ఇంట్లో మరునాడు అన్నం పెట్టేది మీరు కాదు, ఆ కోడలే. ప్రాణానికి గాని శరీరానికి గాని హాని ఉందని తోస్తే మాత్రం సంస్థ బాధ్యులకు చెప్పి తీరాలి. ఈ సంగతి పెద్దవారికి మొదటి రోజే మర్యాదగా తెలపండి.

ఇంట్లోవారిని మరువకండి

వృద్ధులందరూ ఒంటరివారు కారు. కొందరు కొడుకు, కోడలు దగ్గర, లేదా కూతురి దగ్గర ఉంటారు. అక్కడ మీకు కనబడేది వారంలో ఒక గంటే. మిగిలిన సమయమంతా పక్క బట్టలు మార్చేది, రాత్రి మూడుసార్లు లేచేది ఇంట్లోవారే. చిరాకుగా ఒక మాట అన్నంత మాత్రాన ఆమెను చెడ్డ కోడలిగా లెక్క కట్టకండి. "మీరు భోంచేశారా అమ్మా? నేను గంటసేపు ఇక్కడ కూర్చుంటాను, మీరు కాస్త నడుము వాల్చండి" అనండి. కొన్ని ఇళ్ళలో వాలంటీరు చేయగల గొప్ప సహాయం ఇదే. చూసుకునే మనిషి అలసిపోతే ఆ కష్టం చివరకు మంచాన ఉన్నవారి మీదే పడుతుంది.

అయితే నిజంగా హింస జరిగే ఇళ్ళు కూడా ఉన్నాయి. కారణం చెప్పలేని కమిలిన మచ్చలు, గదిలో పెట్టి తాళం వేయడం, పింఛను డబ్బు లాక్కోవడం, మందు ఇప్పించకపోవడం, ఎవరైనా రాగానే పెద్దవారు భయంతో మాట ఆపేయడం, ఇవి గుర్తులు. మీరు అక్కడ గొడవకు దిగకండి. మీరు వెళ్ళిపోయాక ఆ కోపం వారిమీద తీర్చుకుంటారు. చూసింది తేదీతో సహా రాసుకుని అదే రోజు సంస్థకు తెలపండి. వృద్ధుల కోసం దేశమంతటా ఉన్న సహాయ నంబరు 14567. ఉదయం 8 గంటల నుండి రాత్రి 8 గంటల వరకు ఉచితంగా మాట్లాడవచ్చు. ప్రాణాపాయం ఉంటే 112కి ఫోను చేయాలి.

హక్కుల గురించి కొంచెం

తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. తమను తాము పోషించుకోలేని తల్లిదండ్రులు పిల్లల నుండి పోషణ కోరుతూ ట్రిబ్యునల్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. మన రెండు రాష్ట్రాలలో ఇందుకోసం ఆర్.డి.ఓ. కార్యాలయంలో విచారించవచ్చు. బాగా చూసుకోవాలన్న షరతు మీద ఆస్తి రాసిచ్చి, తరువాత వారు చూడకపోతే, ఆ దస్తావేజును రద్దు చేయమని కోరే అవకాశం కూడా ఈ చట్టంలో ఉంది.

70 ఏళ్ళు నిండినవారికి, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఆయుష్మాన్ భారత్ పథకం కింద కుటుంబానికి సంవత్సరానికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్స కల్పించే ఏర్పాటు 2024 అక్టోబరులో మొదలైంది. దానికి ఆధార్ ద్వారా కార్డు తీసుకోవాలి. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు ఏటా నవంబరులో ఇవ్వవలసిన జీవన ప్రమాణ పత్రాన్ని ఇప్పుడు ఫోనులో ముఖం చూపించి కూడా ఇవ్వవచ్చు. వేలిముద్రలు అరిగిపోయి పడనివారికి ఇది ఎంతో సులువు. ఇటువంటి కాగితాల పనిలో తోడు వెళ్ళడం కూడా సేవే. కుటుంబానికి, సంస్థకు చెప్పి వెళ్ళండి.

మీ మనసును కూడా చూసుకోండి

మీరు చూసే పెద్దవారు ఒక రోజు కన్నుమూయవచ్చు. ఈ సేవలో అది తప్పదు. నెలల తరబడి వెళ్ళిన ఇంటికి తాళం కనబడితే గుండె బరువెక్కుతుంది. సంస్థలోని తోటివారితో ఆ మాట చెప్పుకోండి. వెంటనే ఇంకో ఇంటికి వెళ్ళాలని లేదు. కొద్ది వారాలు ఆగవచ్చు.

ఒకవేళ మీరే మానవలసి వస్తే, చెప్పకుండా మాయం కాకండి. నెల ముందుగా చెప్పి, కొత్త వాలంటీరును మీరే తీసుకువెళ్ళి పరిచయం చేయండి. రెండుమూడుసార్లు కలిసి వెళ్ళండి. పెద్దవారు జీవితంలో ఎందరినో పోగొట్టుకుని ఉంటారు. ఆ లెక్కలోకి మీరు కూడా అకస్మాత్తుగా చేరకూడదు.

ఆలోచించండి, చర్చించండి

1. మామ్మగారు తన బంగారు గాజు మీ చేతిలో పెట్టి "నా కూతురి కన్నా నువ్వే ఎక్కువ, ఉంచుకో" అన్నారు. మీరేం చేస్తారు?
జవాబు: కృతజ్ఞత చెప్పి, తీసుకోకుండా తిరిగి ఇవ్వాలి. ఆ సంగతి అదే రోజు సంస్థకు తెలపాలి. చెట్టున కాసిన నాలుగు జామకాయలు ఇస్తే మాత్రం సంతోషంగా తీసుకోండి. ఎప్పుడూ పుచ్చుకునే స్థితిలోనే ఉండడం ఎవరికైనా చిన్నతనమే. ఇవ్వగలిగినందుకు వారికి కూడా తృప్తి కలుగుతుంది.

2. తాతగారు బి.పి. మాత్రలు మానేశారు. "నేను బాగానే ఉన్నాను, ఎందుకు దండగ?" అంటున్నారు. మీరేం చేస్తారు?
జవాబు: గద్దించకండి. ఎందుకు మానేశారో అడగండి. డబ్బు లేకనా, కళ్ళు తిరుగుతున్నాయనా, కొనడానికి వెళ్ళలేకనా? కారణం తెలిస్తే దారి దొరుకుతుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా ఇచ్చే మందులు తెప్పించవచ్చు. కళ్ళు తిరుగుతుంటే డాక్టరుకు చూపించవచ్చు.

3. తలుపు ఎంత తట్టినా తీయడం లేదు. లోపల టీవీ మోగుతోంది. మీరేం చేస్తారు?
జవాబు: ఫోను చేయండి. ఇరుగుపొరుగును పిలవండి. కిటికీ నుండి చూడండి. సంస్థకు, కుటుంబానికి తెలిపి, పొరుగువారి సమక్షంలోనే లోపలికి వెళ్ళండి. లోపల పడిపోయి కనబడితే వెంటనే 108కి ఫోను చేయండి. "నిద్రపోతున్నారేమో" అనుకుని వెనుదిరిగి రాకండి.

ఈ వారం చేయవలసిన పని

మీ వీధిలో 70 ఏళ్ళు దాటి ఒంటరిగా ఉండేవారు ఎవరెవరో ఒక కాగితం మీద రాయండి. మీ ఊరిలో వృద్ధుల కోసం పనిచేసే సంస్థ ఏదో కనుక్కుని, అక్కడికి వెళ్ళి మాట్లాడండి. మీకు తీరికైన ఒక రోజు, ఒక గంట ఎంచుకోండి. 108, 112, 14567, 14416, ఈ నాలుగు నంబర్లను పెద్ద అక్షరాలతో ఒక అట్ట మీద రాసి పెట్టుకోండి. మీరు మొదట వెళ్ళే ఇంటిలో, ఫోను పక్కన గోడకు, పెద్దవారి కంటికి ఆనేంత ఎత్తులో దాన్ని అంటించి రండి.